ఒడ్డున చేపలు చచ్చినప్పుడు నీళ్ళు ఎప్పుడు పట్టాలి, ఎలా పట్టాలి

తీరంలో చేపలు చచ్చి తేలిన ప్రతిసారీ ఇంచుమించు ఒకటే వరస. తెల్లారేసరికి ఒడ్డంతా తెల్లటి పొట్టలు. ఏడింటికి వీడియోలు, తొమ్మిదింటికి విలేకరులు, పదకొండింటికి అధికారులు. నీళ్ళ సీసా నిండేది మాత్రం మధ్యాహ్నం రెండింటికి. అందులో కరిగిన ఆక్సిజన్ చూస్తే లీటరుకు 7 మిల్లీగ్రాములు. "ఆక్సిజన్ బాగానే ఉంది, ఏదో విషం కలిసుంటుంది" అని ఒక మాట బయటికొస్తుంది. దగ్గర్లో ఫ్యాక్టరీ గొట్టం ఉంటే నింద దాని మీదికి పోతుంది, లేకపోతే ఆక్వా చెరువుల మీదికి. ఆ నింద కొన్నిసార్లు నిజమే. కానీ రెండింటికి పట్టిన నీళ్ళు దాన్ని రుజువూ చెయ్యలేవు, కొట్టి పారెయ్యనూ లేవు.

నిజానికి ఆ 7 అనే అంకె దగ్గరే ఆగి ఆలోచించాలి. 30 డిగ్రీల వేడిలో, 35 ఉప్పదనం (కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు) ఉన్న సముద్రపు నీరు గాలి నుంచి తీసుకుని పట్టి ఉంచుకోగలిగేది లీటరుకు సుమారు 6.2 మిల్లీగ్రాములే. అంతకన్నా ఎక్కువ చూపించిందంటే రెండిట్లో ఒకటి. మొదటిది, మీటర్లో ఉప్పదనం సున్నా దగ్గరే వదిలేశారు. అదే వేడిలో మంచినీటికి నిండుదల 7.5 దాకా ఉంటుంది కాబట్టి, ఉప్పదనం సరిచెయ్యని మీటరు సముద్రపు నీటిని ఇరవై శాతం ఎక్కువ చేసి చూపిస్తుంది. చెరువు నుంచి చెరువుకి తిప్పే మీటర్లలో ఇది రోజూ జరిగే పొరపాటే. రెండోది, మీటరు సరిగానే ఉంది, నీటిలోనే ఆక్సిజన్ తయారవుతోంది. తయారుచేస్తున్నది కంటికి కనిపించనంత చిన్న నాచు. అంటే విషానికి సాక్ష్యమనుకున్న అంకె బ్లూమ్‌కి, అంటే నాచు ఒక్కసారిగా విపరీతంగా పెరిగిపోవడానికి, సాక్ష్యం అయ్యుండొచ్చు.

ఎండ ఉన్నంతసేపూ నాచు ఆక్సిజన్ వదులుతుంది. బ్లూమ్ దట్టంగా ఉన్న చోట సాయంత్రం నాలుగింటికి డీఓ (కరిగిన ఆక్సిజన్) 9, 10 కూడా దాటుతుంది. పొద్దుగూకాక అదే నాచు, దాన్ని తినే జీవులు, చచ్చిన కణాలను కుళ్ళబెట్టే బాక్టీరియా అన్నీ కలిసి దాన్ని తోడేస్తాయి. తెల్లవారుజాము నాలుగు, ఆరు మధ్య అడుగంటుతుంది. 3కి దిగితే చేప ఆయాసపడుతుంది. 2కి దిగితే పారిపోగలిగినవి పారిపోతాయి. 1 దగ్గర మిగిలినవి చస్తాయి. భీమవరం చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీద అడిగినా తెల్లవారుజామున ఏరేటర్లు ఎందుకు తిరగాలో చెబుతారు. సముద్రంలోనూ జరిగేది అదే, ఏరేటర్ పని అక్కడ గాలి, అల చెయ్యాలి. గాలి పడిపోయిన రాత్రి, ముసురు పట్టిన రెండో రోజో మూడో రోజో ఎక్కువగా చేపలు తేలడానికి కారణం అదే.

ఇంకొకటి. బ్లూమ్ పెరిగేటప్పటి కన్నా పడిపోయేటప్పుడే ప్రమాదం ఎక్కువ. నీటి రంగు తేటపడుతోంది కదా అని ఊపిరి పీల్చుకునే రోజునే చెరువులో రొయ్య తేలుతుంది. తీరంలోనూ అంతే. రంగు విరిగిన నీటి కింద, అడుగున, కుళ్ళు మొదలై ఉంటుంది.

సగ్గుబియ్యం లాంటి కణం

మన తూర్పు తీరంలో రంగు మారిన నీటి గురించి మాట్లాడితే మొదట చెప్పుకోవలసింది నాక్టిల్యూకా సింటిలాన్స్ అనే ఏకకణ జీవి గురించి. 2005 ఏప్రిల్‌లో ఒడిశాలో రుషికుల్య నది కలిసే చోట నీటిని ఎర్రగా మార్చింది ఇదే. అక్కడి నుంచి కాస్త కిందికి దిగితే గోపాలపూర్, ఇంకాస్త దిగితే మన ఇచ్ఛాపురం. 2008 అక్టోబరులో మన్నార్ సింధుశాఖలో మండపం, కీళక్కరై మధ్య చేపలు చచ్చింది దీనివల్లే. 2019 సెప్టెంబరులో అదే చోట నీరు ఆకుపచ్చగా మారి మళ్ళీ చేపలు కొట్టుకొచ్చాయి. కేరళలో వెనకజలాలు రాత్రిపూట నీలంగా మెరిస్తే "కవరు" అంటారే, ఆ మెరుపు పుట్టించే వాటిలో ఇదీ ఒకటి.

మిగతా సూక్ష్మ నాచులతో పోలిస్తే ఇది రాక్షసి. ఒక్కో కణం 0.2 నుంచి 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, సూక్ష్మదర్శిని అక్కర్లేదు. గాజు గ్లాసులో నీళ్ళు పట్టి వెలుగుకి ఎదురుగా పెట్టండి. ఉడికిన సగ్గుబియ్యం గింజల్లాంటి గుండ్రటి చుక్కలు ఒక్కొక్కటే పైకి తేలడం కనిపిస్తుంది. పది నిమిషాలు కదపకుండా ఉంచితే పైన లేత గులాబీ రంగు పొర కడుతుంది. రకాన్ని బట్టి ఆకుపచ్చ పొర కూడా కావచ్చు. అదే గ్లాసుని చీకటి గదిలో పెట్టి నాలుగు చుక్కల వెనిగర్ వేస్తే గ్లాసు ఒక్కసారిగా నీలంగా వెలిగి ఆరిపోతుంది. ఆ వెలుగు తర్వాత కణాలు చస్తాయి, కాబట్టి ల్యాబుకి పంపాల్సిన సీసాతో ఈ ప్రయోగం చెయ్యకండి.

ఎర్ర రకం పక్కా వేటగాడు. డయాటమ్‌లు (సిలికా పెంకున్న సూక్ష్మ నాచు), చేప గుడ్లు, దొరికినవన్నీ మింగుతుంది. అందుకే డయాటమ్ బ్లూమ్ వెనకాలే వస్తుంది. గోపాలపూర్ తీరంలో ఎండాకాలం మొదట్లో ఆస్టీరియోనెల్లోప్సిస్ అనే డయాటమ్ నీటిని గోధుమ రంగులోకి తెస్తుంది. దానికదే పెద్దగా హాని చెయ్యదు, కానీ వెనక వచ్చేవాటికి అది విస్తరి వెయ్యడమే. ఆకుపచ్చ రకం కడుపులో ఇంకో చిన్న ఆకుపచ్చ నాచుని పెంచుకుంటుంది, ఎండలో దాని వంటనే తింటుంది. అరేబియా సముద్రం ఉత్తర భాగంలో చలికాలం చివర మైళ్ళ కొద్దీ పరుచుకునేది ఈ రకమే.

నాక్టిల్యూకాలో చేపను చంపే విషమేమీ లేదు. చంపేది దాని తేలే ఏర్పాటు. మునగకుండా ఉండడానికి కణం లోపలి సంచిలో అమ్మోనియా లవణాలు పోగేసుకుంటుంది. బ్లూమ్ కుప్పకూలితే అదంతా ఒక్కసారే నీటిలోకి వస్తుంది. అమ్మోనియా ఎంత చెడ్డదో పీహెచ్ తేలుస్తుంది. వెచ్చటి నీటిలో పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో నూటికి ఆరేడు పాళ్ళే విషపు రూపంలో ఉంటుంది. 9 దాకా పోతే 40 పాళ్ళ దగ్గరకొస్తుంది. దట్టమైన బ్లూమ్ పగటిపూట పీహెచ్‌ని 8.1 నుంచి 8.7, 8.8కి ఎక్కిస్తుంది. అంటే రాత్రి ఆక్సిజన్ లేక, పగలు అమ్మోనియా కాటుకి, చేపకి ఏ పూటా తెరిపి ఉండదు. రాళ్ళ సందుల్లో, అడుగున బతికేవి ఎక్కువగా దెబ్బతింటాయి, ఎందుకంటే కుళ్ళు దిగేది అడుక్కే.

దీనితో పొరబడేది ట్రైకోడెస్మియం అనే ఇంకో సూక్ష్మ నాచు. ఎండాకాలంలో, గాలి లేని రోజుల్లో, సముద్రం మీద రంపపు పొట్టు చల్లినట్టు చాళ్ళు చాళ్ళుగా తేలుతుంది. దూరం నుంచి నూనె తెట్టు అనుకుంటారు. వేళ్ళ మధ్య నలిపితే నూనె జిడ్డు ఉండదు, సన్నటి నారపోగుల్లా విడిపోతుంది. కుళ్ళేటప్పుడు నీటికి గులాబీ రంగు, ముక్కు మూసుకునే వాసన వస్తాయి. లోతు సముద్రంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. గాలి తోలి మూసుకున్న అఖాతంలోకో క్రీక్‌లోకో (ఉప్పుటేరులోకో) చేర్చినప్పుడే చిక్కు.

నీటిలో ఆక్సిజన్ ఉన్నా ఊపిరాడని చావు

పైన చెప్పిన అమ్మోనియా కాక, బ్లూమ్‌తో చేప చచ్చే దారులు మూడు. ఊపిరికి ఆక్సిజన్ లేకపోవడం ఒకటి, అది పైన చూశాం. మొప్పలు పాడవడం రెండోది. నరాల మీద పనిచేసే విషం మూడోది. రెండో దారి గురించి మన దగ్గర చాలా తక్కువ మాట్లాడుకుంటాం, చంపడంలో మాత్రం అదేమీ తక్కువది కాదు.

ఛాటొనెల్లా అని ఒక సూక్ష్మ నాచు జాతి ఉంది. నీటిని టీ నీళ్ళలా మారుస్తుంది. 1972లో జపాన్‌లో సెటో లోతట్టు సముద్రంలో, హరిమా నదా అనే చోట, కేజ్‌లలో (సముద్రంలో కట్టిన వల పంజరాలలో) పెంచుతున్న ఎల్లోటెయిల్ చేపలు కోటీ 40 లక్షల దాకా చచ్చింది దీనివల్లే. అక్కడ మురుగు, ఫ్యాక్టరీ నీటి మీద ప్రత్యేక చట్టం మరుసటి ఏడాదే వచ్చింది. అయినా 1976లో ఒక్క ఏడాదే 299 సార్లు ఎర్ర నీరు నమోదైంది, ఆ తర్వాతే తగ్గుముఖం పట్టింది. మన దేశంలో 2000ల మొదట్లో కోళికోడ్ తీరంలో ఇదే జాతి బ్లూమ్ వచ్చి చేపలు చచ్చాయి. ఇది మొప్పల మీద చేసే దాడికి మొప్ప జిగురు కారుస్తుంది, రేకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీటిలో డీఓ 6 ఉన్నా ఆ చేపకి ఒక్క చుక్క అందదు. డీఓ మీటరు చూసి "నీరు బాగుంది" అనే మాటకి ఇక్కడ విలువే లేదు. 2016 మొదట్లో చిలీలో సుమారు 39 వేల టన్నుల సాల్మన్‌ని పొట్టన పెట్టుకున్న సూడోఛాటొనెల్లా కూడా మొప్పల మీదే పడే రకం.

మూడో దారికి పేరుమోసింది ఫ్లోరిడా. అక్కడ కరీనియా బ్రెవిస్ అనే నాచు విడిచే బ్రెవిటాక్సిన్ చేప నరాలను పట్టేస్తుంది. అల విరిగినప్పుడు కణాలు పగిలి తుంపరలో కలిస్తే ఒడ్డున నడిచేవాళ్ళకీ దగ్గొస్తుంది. అక్కడివాళ్ళ పద్ధతి మనం గమనించదగ్గది. లీటరుకు 1,000 కణాల దాకా మామూలే. 5,000 దాటితే గుల్లల వేట ఆపేస్తారు. పది వేలు దాటితే చేపలు చావొచ్చని, లక్ష దాటితే చచ్చే అవకాశం ఎక్కువని హెచ్చరిస్తారు. ఈ అంకెలు ఆ ఒక్క జాతికే. వాటిని తెచ్చి నాక్టిల్యూకాకో ట్రైకోడెస్మియంకో తగిలిస్తే అర్థం ఉండదు. జాతి పేరు తెలియకుండా "లీటరుకి ఇన్ని లక్షల కణాలు" అని రాసే రిపోర్టు కాగితం దండగ.

ఈ మూడింటినీ ఒడ్డునే కొంతవరకు విడదీయొచ్చు. తెల్లవారుజామున చావు మొదలై, పెద్ద చేపలు ముందు పోయి, చిన్నవి పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే ఆక్సిజన్ కొరత. చచ్చిన చేప నోరు తెరుచుకుని, మొప్ప తలుపులు విచ్చుకుని ఉంటాయి. పీతలు నీళ్ళలోంచి ఒడ్డుకి పాకడం, టేకు చేపలు లోతు లేని చోటికి వచ్చి పడుకోవడం అడుగున ఆక్సిజన్ అయిపోయిందనడానికి గుర్తు. మొప్పల మీద తీగలు సాగే జిగురు, రేకులు పాలిపోవడం, చావుకి పగలూ రాత్రీ తేడా లేకపోవడం కనిపిస్తే మొప్పల దెబ్బ. చేప గింగిరాలు తిరిగి, ఒక పక్కకి ఒరిగి, చిన్నవి ముందు పోతే విషాన్ని అనుమానించాలి. ఇంకో గుర్తు పురుగుమందుకి సంబంధించింది. రొయ్యలు, పీతలు, నీటిలోని చిన్న పురుగులు ముందు చచ్చి, చేపలు తర్వాత పోయి, నీటి రంగులో మార్పే లేకపోతే, నాచుని వదిలేసి కాలువ పైకి నడవండి. ఇవన్నీ అనుమానానికి దారి చూపే గుర్తులే. తేల్చేది సీసా.

సీసాలు

డీఓ కొలవాల్సింది తెల్లవారుజామున, చావు జరుగుతున్న చోటే, పైనా అడుగునా రెండు చోట్లా. మీటరు ఉంటే ఉప్పదనం సెట్ చేసి, ప్రోబ్‌ని కేబుల్‌తో దించి, అడుగు బురదకి ఒక జానెడు పైన ఆపి చదవాలి. రాయి కట్టిన సీసాని దించి బిరడా లాగే పాత పద్ధతి నాచు పట్టడానికి పనికొస్తుంది, ఆక్సిజన్‌కి పనికిరాదు. బుడబుడమంటూ నిండేటప్పుడే గాలి కలిసిపోతుంది.

మీటరు మీద నమ్మకం లేకపోతే, రసాయనాలతో ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి. 125 మిల్లీలీటర్ల గాజు బీఓడీ సీసా (గాజు బిరడా ఉన్న ల్యాబు సీసా) తీసుకోండి. సన్న గొట్టం అడుగుకి తగిలేలా పెట్టి నింపి, సీసాకి రెండింతల నీరు పొర్లిపోయేదాకా వదిలి, గొట్టం మెల్లగా తీసెయ్యండి. మాంగనీస్ సల్ఫేట్ ద్రావణం 1 మిల్లీలీటరు, ఆల్కలైన్ అయొడైడ్ 1 మిల్లీలీటరు, రెండూ పిపెట్ మొన నీటి లోపలికి వెళ్ళేలా వెయ్యాలి. బుడగ లేకుండా బిరడా బిగించి పదిహేనుసార్లు తిప్పండి. టైట్రేషన్ (అంకె తేల్చే చివరి కొలత) తర్వాత చేసుకోవచ్చు, కానీ సగం జవాబు అక్కడే పడవలోనే కనిపిస్తుంది. ఆక్సిజన్ బాగా ఉంటే కాఫీపొడి రంగులో మడ్డి పడుతుంది. తక్కువుంటే లేత పసుపు. అసలు లేకపోతే పిండి కలిపినట్టు తెల్లటి మడ్డి. అడుగు నుంచి తెచ్చిన సీసాలో తెల్లటి మడ్డి దిగిందంటే ఇక ఎవరితోనూ వాదించక్కర్లేదు, ఫోటో తీసి పెట్టుకోండి. మడ్డి పడ్డ సీసాని నీళ్ళలో ముంచి నీడన ఉంచితే కొన్ని గంటలు ఆగుతుంది.

నాచుకి రెండు సీసాలు కావాలి. ఒకటి ప్రాణంతో, ఒకటి లూగాల్‌తో (నాచు కుళ్ళకుండా ఉంచే అయొడిన్ ద్రావణంతో). ఒకటి చాలదా అంటే చాలదు. కరీనియా, ఛాటొనెల్లా లాంటి గట్టి పెంకు లేని జాతులు మందు పడగానే ఆకారం చెడి గుర్తుపట్టలేని ముద్దలైపోతాయి. ఫార్మలిన్‌లో ఇంకా దారుణం. ప్రాణంతో ఉన్న సీసాని మూడింట రెండు వంతులే నింపి, థర్మాకోల్ పెట్టెలో నీడన తీసుకెళ్ళాలి. ఐసు పెట్టకూడదు. చేపల పెట్టె అలవాటు కొద్దీ అందరూ ఐసులోనే దూరుస్తారు, సన్నటి కణాలు ఆ చలికి పగిలిపోతాయి. నాలుగైదు గంటల్లో సూక్ష్మదర్శిని కిందికి చేరాలి.

లూగాల్ తయారీకి వరస ముఖ్యం. పొటాషియం అయొడైడ్ 10 గ్రాములు ముందు 20 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. అందులో అయొడిన్ 5 గ్రాములు వేసి పూర్తిగా కరిగాక మిగతా 80 మిల్లీలీటర్ల నీళ్ళు పొయ్యండి. చివర్న గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ 10 మిల్లీలీటర్లు. అయొడిన్‌ని నేరుగా నీళ్ళలో వేస్తే రోజంతా కలిపినా కరగదు. 250 మిల్లీలీటర్ల సముద్రపు నీటికి 1 నుంచి 2.5 మిల్లీలీటర్లు సరిపోతుంది. కొలత కన్నా రంగు నమ్మండి, పాలు కలపని పల్చటి టీ రంగు రావాలి. నాచు దట్టంగా ఉంటే అయొడిన్‌ని అదే పీల్చేస్తుంది, రంగు నిలిచేదాకా ఇంకాస్త వెయ్యాలి. సీసా గోధుమ రంగు గాజుదై ఉండాలి. తెల్ల ప్లాస్టిక్‌లో వారం ఉంచితే అయొడిన్ ప్లాస్టిక్‌కే ఎక్కి నీళ్ళు తెల్లబడతాయి, నాచు కుళ్ళుతుంది.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక లీటరుని కదపకుండా ఒకటి రెండు రోజులు తేరనిచ్చి, పైనీరు సన్న గొట్టంతో తీసేసి, 20 మిల్లీలీటర్లకి కుదించండి. సెడ్జ్‌విక్ రాఫ్టర్ అనే, కణాలు లెక్కపెట్టే పలకలో 1 మిల్లీలీటరు పడుతుంది. అందులో 45 కణాలుంటే లీటరుకి 900. నాక్టిల్యూకాకి ఈ పద్ధతి పనికిరాదు, అది తేలుతుంది కానీ దిగదు. దాన్ని తెల్ల పళ్ళెంలో పోసి కంటితోనే లెక్కపెట్టాలి.

పోషకాలకీ ఒక సీసా పక్కన పెట్టండి, ఇది మాత్రం వడకట్టి ఐసులో. నైట్రేటు, ఫాస్ఫేటు ఒక్కటే అడిగితే సగం కథే. సిలికేటు కూడా అడగండి. డయాటమ్‌కి పెంకు కట్టుకోవడానికి సిలికా కావాలి, అది నది మోసుకొచ్చే మట్టితో వస్తుంది. పట్టణపు మురుగు కాలవ నైట్రోజన్, ఫాస్ఫరస్ తెస్తుంది కానీ సిలికా తేదు. ఆ తేడా ఉన్న చోట డయాటమ్ ఆగిపోయి, సిలికా అక్కర్లేని జాతులకి మైదానం ఖాళీ అవుతుంది. అలాగని ప్రతి బ్లూమ్‌కీ మురుగే కారణం కాదు. విశాఖ తీరంలో మార్చి నుంచి మే దాకా గాలి పైనీటిని నడిసముద్రం వైపు నెట్టేస్తే అడుగు నుంచి చల్లటి, పోషకాలున్న, ఆక్సిజన్ తక్కువున్న నీరు పైకొస్తుంది. ఇందులో మనిషి ప్రమేయం ఏమీ లేదు. నీటి వేడి చూస్తే తెలుస్తుంది, ఎండాకాలంలో నీరు ఉన్నట్టుండి రెండు డిగ్రీలు చల్లబడితే అడుగు నీరు ఎక్కిందన్నమాట.

చేప విషయానికొస్తే, తేలుతున్న చచ్చినవి కాదు, కొట్టుకుంటున్నవి పట్టండి. చచ్చాక గంటలోపే మొప్ప పొర దానంతటదే ఊడడం మొదలవుతుంది, ఆ తర్వాత అది నాచు దెబ్బో కుళ్ళో చెప్పలేరు. ఎడమ పక్క రెండో మొప్ప విల్లుని కత్తిరించి, ఒక పాలు ఫార్మలిన్‌కి తొమ్మిది పాళ్ళు సముద్రపు నీరు కలిపిన దాంట్లో వెయ్యండి. ముక్కకి పదింతలు ద్రావణం ఉండాలి. మిగతా చేపని రెండుగా విడదీయండి. విష పరీక్షకి పొట్ట, కాలేయం ఉన్న భాగం మైనస్ 20 డిగ్రీల చలికి. పురుగుమందు పరీక్షకి వేరే చేప, అల్యూమినియం రేకులో చుట్టి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే ప్లాస్టిక్‌లోని రసాయనాలే పరీక్షలో తేలతాయి.

కేజ్‌లు, క్రీక్ నీటి చెరువులు

2007లో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) విశాఖలో పండుగప్పతో సముద్రపు కేజ్ మొదలుపెట్టాక తీరంలో కేజ్‌లు పెరిగాయి. వలలో చేపలు ఉన్నప్పుడు అవి పారిపోలేవు, అదే తేడా. రంగు నీరు దూరంలో కనిపించగానే చెయ్యాల్సిన మొదటి పని మేత ఆపడం. తిన్న చేపకి అరగడానికే ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. రెండు మూడు రోజులు పస్తుంటే చేప చావదు. ఆ రోజుల్లో వల మార్చడం, చేపల్ని సైజు వేరుచెయ్యడం, చెయ్యి పెట్టడం అన్నీ బంద్. బ్లూమ్ పై పొరలోనే ఉంటే వలని కిందికి దించొచ్చు, కానీ దించేముందు అడుగు డీఓ చూడాలి. చూడకుండా దించి ఆక్సిజన్ లేని నీటిలో ముంచినవాళ్ళున్నారు. చచ్చినవాటిని రోజుకి రెండుసార్లు తీసెయ్యాలి.

గాలి కొట్టడం అన్నిసార్లూ మంచిది కాదు. ఆక్సిజన్ కొరతకి అది ప్రాణం పోస్తుంది. మొప్పల మీద పడే జాతి ఉన్నప్పుడు పై నీటిని చిలికితే కణాలు పగులుతాయి, లోపలున్నది బయటికొస్తుంది, పక్కన ఉన్న బ్లూమ్ కూడా కేజ్‌లోకి లాగబడుతుంది. అందుకే జాతి పేరు ముందు తెలియాలని అంత పట్టు. కొరియాలో 1996 నుంచి పసుపు రంగు బంకమట్టి చల్లుతున్నారు, చదరపు మీటరుకి 100 నుంచి 400 గ్రాములు. మట్టి కణాలకి అతుక్కుని నాచు అడుక్కి దిగిపోతుంది. అక్కడి జాతికి అది పనిచేస్తుంది. నిలవ నీటి క్రీక్‌లో ఆ పని చేస్తే కుళ్ళు అడుక్కి దించినట్టే.

క్రీక్ నుంచి నీరు తోడే చెరువులకి ఒకటే మాట, రంగు నీరు పోయేదాకా తూము ఎత్తకండి. 60 మెష్ సంచి కడితే ఆగుతుందనుకోవడం పొరపాటు. ఆ రంధ్రం 250 మైక్రాన్లు, కరీనియా 20 నుంచి 40. నాక్టిల్యూకా ఆగుతుంది కానీ సంచికి ఒత్తుకుని నలిగి అమ్మోనియా రసం లోపలికే కారుతుంది. నీరు తప్పనిసరైతే రిజర్వాయర్‌లోకి తోడి, రొయ్యా చేపా లేని ఆ నీటికే బ్లీచింగ్ వెయ్యాలి. 60 పీపీఎం లెక్కన ఎకరానికి మీటరు నీటికి సుమారు 240 కిలోలు. నాచు దట్టంగా ఉంటే క్లోరిన్‌ని అదే తినేస్తుంది, కాబట్టి వేశాక క్లోరిన్ మిగిలిందో లేదో కిట్‌తో చూడండి. తర్వాత కనీసం మూడు రోజులు ఏరేటర్లు తిప్పి, క్లోరిన్ సున్నా అయ్యాకే చెరువులోకి. రొయ్య ఉన్న చెరువులో బ్లూమ్‌ని మందుతో ఒక్కదెబ్బకి చంపాలనుకోవద్దు. చచ్చిన నాచంతా ఆ రాత్రే ఆక్సిజన్ తాగుతుంది.

తినొచ్చా?

ఒడ్డున ఏరిన చచ్చిన చేప తినొద్దు, ఎండబెట్టనూ వద్దు. ఎండు చేపగా ఎక్కడికో వెళ్ళి తేలుతుంది. వలలో ప్రాణంతో పడిన చేపని పొట్ట, మొప్పలు తీసి తినొచ్చు. కవళ్ళు, నెత్తళ్ళు నాచునే తింటాయి, వాటిని పొట్టతో సహా వండే అలవాటు ఉన్నవాళ్ళు ఆ వారం మానుకోవాలి. అసలు భయం గుల్లలతో. అవి నీటిని వడకట్టి విషాన్ని పోగేసుకుంటాయి, తాము చావవు. 1981లో తమిళనాడులో గుల్లలు తిని 85 మంది ఆసుపత్రిలో చేరారు, ముగ్గురు పోయారు. 1997 సెప్టెంబరులో కేరళలోని విళింజంలో మసెల్స్ అనే గుల్లలు తిని ఏడుగురు చనిపోయారు. గుల్లల్లో పోగయ్యే సాక్సిటాక్సిన్ అనే విషం ఎంత ఉడికించినా పోదు, పులుసులోకి దిగుతుంది. నిమ్మరసం, చింతపండు, పసుపు ఏవీ దాన్ని విరవవు. పెదాలు, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కడంతో మొదలై ఊపిరి కండరాలు ఆగిపోతాయి. విరుగుడు మందు లేదు, వెంటిలేటర్ మీద పెడితే బతుకుతారు. అందుకే తిమ్మిరి అనగానే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళాలి. సముద్రపు గుల్లల మాంసంలో ఈ విషానికి అంతర్జాతీయ హద్దు కిలోకి 800 మైక్రోగ్రాములు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) చేపల జాడ చెప్పినట్టే నాచు బ్లూమ్‌ల సమాచారమూ ఇస్తోంది. ఉపగ్రహంలో పత్రహరితం మామూలు కన్నా ఎక్కడ పెరిగిందో చూసి చెబుతారు. ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, గోపాలపూర్ తీరం వాళ్ళు ప్రత్యేకంగా కనిపెట్టి చూసే చోట్లు. దానికి రెండు పరిమితులున్నాయి. వానాకాలం మబ్బు పడితే ఉపగ్రహానికి కళ్ళు లేవు. గోదావరి వరద బురద కలిసిన ఒడ్డు నీటిని అది నాచుగా పొరబడొచ్చు. పైగా పత్రహరితం ఎంతుందో చెబుతుందే గానీ ఏ జాతిదో చెప్పడం దానికి కష్టం. కాబట్టి మ్యాప్‌లో ఎరుపు కనిపించిన రోజు సీసాలు కడిగి పెట్టుకోవాలి, అంతవరకే దాని పని.

సీసాల మీద పెన్సిల్‌తోనే రాయండి. ఫార్మలిన్ తగిలితే పెన్ను సిరా కొట్టుకుపోతుంది. తేదీ, టైము, జీపీఎస్, లోతు, నీటి వేడి, పోటు నడుస్తోందా పాటు నడుస్తోందా, గాలి ఎటు నుంచి, ముందు రాత్రి మబ్బుందా, మొదట ఏ చేప చచ్చింది. తోక చివర ఇంకొకటి రాయాలి, లూగాల్ వేసిన టైము.